మెఖ్తిల్డ్ దొరసాని – జిండెల్ఫింగెన్ దేవాలయ మాన్యం



జిండెల్ఫింగెన్ అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది మెర్సిడెస్ ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీకి వందేళ్లు దాటాయి. కానీ పాత ఊళ్లో ఉన్న మార్టిన్ దేవాలయం 1083లో ప్రతిష్ఠ అయింది. మన ఓరుగల్లులో కాకతీయులు ఇంకా స్వతంత్ర రాజులు కాని కాలం అది. ఇంత పాత దేవాలయం పక్కనుంచి రోజూ బస్సులో వెళ్తూ మనలో ఎంతమంది లోపల అడుగు పెట్టామో మీరే చెప్పాలి. ఈ నెల ఆ దేవాలయం గురించీ, దాని ఆస్తిని ఊరు దాటించిన ఒక దొరసాని గురించీ రాస్తున్నాను.

మన ఇళ్లల్లో చాలామందికి తాతముత్తాతల బాప్తిస్మం సంగతి తెలిసేది పాత చర్చి రిజిస్టర్ల వల్లే. మచిలీపట్నం వైపు ఆంగ్లికన్ మిషనరీలు 1841లో వచ్చి పని మొదలుపెట్టాక, పుట్టినవాళ్లూ పెళ్లయినవాళ్లూ పోయినవాళ్లూ పాదిరిగారి పుస్తకంలోకి ఎక్కారు. జిండెల్ఫింగెన్ దేవాలయానికి అంతకంటే పాత పుస్తకం ఒకటుంది. అది రిజిస్టరు కాదు, ఏటికేడు జరిగిన సంగతులు లాటిన్‌లో రాసుకున్న వృత్తాంతం. 13వ శతాబ్దం చివర్లో ఇక్కడి కొన్‌రాడ్ అనే గురువు దాన్ని రాశాడు, తరువాతివాళ్లు చేర్చారు. మొత్తం మీద 1083 నుంచి 1482 వరకూ సంగతులు అందులో ఉన్నాయి. ఆ 1482వ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఈ కొన్‌రాడ్ ఎవరంటే, ఇక్కడి గురువుల సంఘంలో ఒకడు. ఈ దేవాలయాన్ని స్థాపించిన కాల్వ్ వంశపు కౌంట్ అడల్బెర్ట్ దీనికి పొలాలూ పన్నులూ రాసిచ్చాడు. కౌంట్ అంటే మన సంస్థానాధీశుడి లాంటివాడనుకోండి. ఆ ఆదాయం మీద కొంతమంది గురువులు ఇక్కడే ఉండి, రోజంతా వేళ తప్పకుండా ప్రార్థనలు చేసేవారు. ఒక్కొక్కరికీ విడిగా ఒక వాటా ఉండేది. మన ఊళ్లలో గుడి మాన్యం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఊరికి ఆ తర్వాతెప్పుడో, 1263లో పట్టణ హోదా వచ్చింది. అంటే ముందు దేవాలయం, తర్వాతే ఊరు.

ఇక దొరసాని సంగతి. మెఖ్తిల్డ్ 1419లో హైడెల్‌బెర్గ్‌లో పుట్టింది. తండ్రి ఆ ప్రాంతపు పాలకుడు, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న కొద్దిమందిలో ఒకడు. పాపకు ఏడాది నిండకముందే పెళ్లి ఖాయం చేశారు. వరుడు వ్యూర్టెంబెర్గ్ కౌంట్ లూడ్విగ్, అప్పటికి ఏడేళ్లవాడు. మేనరికాలు ఉయ్యాలలోనే కలుపుకునే మనవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు. 17 ఏళ్లకు కాపురానికి వచ్చింది. ఐదుగురు పిల్లలు పుట్టారు. 1450లో భర్త పోయాడు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు.

ఆ రోజుల్లో భర్త పోతే భార్య బతుకు గడవడానికి ముందే కొన్ని ఊళ్లు రాసిపెట్టేవారు. మెఖ్తిల్డ్‌కు వచ్చినవాటిలో బ్యోబ్లింగెన్, జిండెల్ఫింగెన్ ఉన్నాయి. ఇప్పుడు మనం అద్దె ఇళ్లలో ఉంటున్న ఈ రెండు ఊళ్లూ ఒక వితంతువు మనోవర్తి కింద ఆమెకు దక్కినవన్నమాట. ఆమె బ్యోబ్లింగెన్ కోటలో ఉండేది. పిల్లల సంరక్షణ మాత్రం మరిది ఉల్రిఖ్ చేతికి పోయింది. రాజ్యం మగవాళ్ల వ్యవహారం కదా! 1452లో ఆమె ఆస్ట్రియా రాజవంశపు ఆల్బ్రెఖ్ట్‌ను మళ్లీ పెళ్లాడింది. ఆయన ఎక్కువ కాలం ఆస్ట్రియాలో సొంత అన్న అయిన చక్రవర్తితో తగాదాలు పడుతూ గడిపాడు. 1463లో ఆయనా పోయాడు. ఆమె రోటెన్‌బుర్గ్‌లో తన కొలువు తనే నడుపుకుంది.

ఆమెకు పుస్తకాల పిచ్చి. 1462లో బవేరియాకు చెందిన ఒక పెద్దమనిషి ఆమెకు పద్యరూపంలో ఉత్తరం రాస్తూ, ఆమె పంపిన పుస్తకాల జాబితాలో 94 ఉన్నాయనీ, వాటిలో 23 తనకు తెలియనివనీ లెక్క చెప్పాడు. ఆయనా పుస్తకాలు కూడబెట్టినవాడే. ఒక్కో పుస్తకం చేత్తో రాయించుకోవాల్సిన కాలంలో 94 అంటే ఎంత సొమ్మో ఊహించుకోండి. లాటిన్ రచనలను జర్మన్‌లోకి తెచ్చిన నిక్లాస్ ఫోన్ వీలె తన అనువాదాల్లో కొన్నింటిని ఆమెకు అంకితమిచ్చాడు. రెండో భర్త 1457లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించడం వెనుక కూడా ఈమె ప్రోత్సాహం ఉంది.

కొడుకు ఎబర్‌హార్డ్ మాత్రం చదువుకు దూరంగా పెరిగాడు. పెద్ద కొడుకు 1457లో చనిపోవడంతో, రెండేళ్ల తర్వాత 14వ యేట ఇతనే పాలన చేపట్టాడు. చిన్నప్పుడు పెద్దలు అతనికి లాటిన్ నేర్పించలేదు. అప్పట్లో చదువంటే లాటినే. బైబిలు, చట్టం, వైద్యం అన్నీ అందులోనే. పాలకుడై ఉండి కూడా ఎవరో ఒకరు తర్జుమా చేసి చెబితే తప్ప అతనికి అర్థం కాదు. ఆ లోటు అతన్ని జీవితాంతం బాధించిందని చరిత్రకారులు చెబుతారు. తన కోసం ఎన్నో పుస్తకాలు జర్మన్‌లోకి మార్పించుకున్నాడు. 1468లో యెరూషలేముకు యాత్ర వెళ్లొచ్చాడు. గడ్డం పెంచుకోవడం వల్ల అతనికి గడ్డం ఎబర్‌హార్డ్ అనే పేరు నిలిచిపోయింది.

పుస్తకాలు ప్రేమించిన తల్లి, పుస్తకాలు చదవలేకపోయిన కొడుకు. ఇద్దరూ కలిసి ట్యూబింగెన్‌లో విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నారు. కానీ డబ్బెక్కడిది? ఆచార్యులకు ఏటా జీతం ఇవ్వాలి. వాళ్ల చూపు జిండెల్ఫింగెన్ దేవాలయ మాన్యం మీద పడింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ మాన్యం ఎవరిది? నాలుగు వందల ఏళ్ల కిందట దాత రాసిచ్చింది ఈ ఊళ్లో ఆరాధన ఆగకూడదని. దాన్ని తీసి వేరే ఊళ్లో ఆచార్యుల జీతాలకు వాడడం న్యాయమా? మన దగ్గర ఎవరైనా చర్చి స్థలం అమ్మి కాలేజీ కడతామంటే సంఘంలో ఎంత గొడవ జరుగుతుందో మీకు తెలుసు. ఊరు మెఖ్తిల్డ్ చేతిలో ఉంది కాబట్టి ఆమె ఒప్పుకోకపోతే పని జరిగేది కాదు. ఆమె ఒప్పుకుంది. 1476లో రోములో పోపు నాలుగవ సిక్స్‌టస్ అనుమతి కూడా వచ్చింది. పది మంది గురువుల వాటాల్లో ఎనిమిది, ఆదాయంలో మూడింట రెండు వంతులు, పెద్ద గురువు పదవితో సహా ట్యూబింగెన్‌లోని పరిశుద్ధ జార్జి దేవాలయానికి తరలిపోయాయి. 1477లో విశ్వవిద్యాలయం తెరుచుకుంది. జిండెల్ఫింగెన్ నుంచి వెళ్లిన పెద్ద గురువు యోహానెస్ డేగెన్ దాని మొదటి ఛాన్సలర్ అయ్యాడు.

ఊరికి మిగిలింది మూడో వంతు. ఆ కొంచెంతో వాళ్లు ఇక్కడ అగస్టీన్ నియమం పాటించే సన్యాసుల మఠం పెట్టారు. పాత గురువుల్లా ఎవరి వాటా వాళ్లు తీసుకుని బతకడం కాదు, అంతా ఉమ్మడిగా, నిరాడంబరంగా ఉండాలి. ఆ స్థాపన గుర్తుగా 1477 నాటి రాతి ఫలకం మార్టిన్ దేవాలయంలో ఉంది. దాని మీద తల్లీకొడుకులు క్రీస్తు ముందు మోకరించి ఉంటారు.

నా మట్టుకు నాకు ఆ పని తప్పనిపించదు. ఎనిమిది మంది తినే మాన్యం వేలమందికి చదువైంది. అయితే ఊరివాళ్లను ఎవరూ అడగలేదన్నదీ నిజమే. ఇంకో మాట కూడా దాచకూడదు. 1477లో ఎబర్‌హార్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన హక్కుల పత్రంలోనే యూదులు ట్యూబింగెన్‌లో ఉండకూడదని రాయించాడు. యేసు పుట్టిన జనాంగాన్ని వెళ్లగొడుతూ, యేసును గూర్చి బోధించే బడి పెట్టాడు. అతన్ని పొగిడే పుస్తకాల్లో ఈ సంగతి చాలాకాలం చివర్లో ఒక చిన్న వాక్యంగానే కనిపించేది.

మెఖ్తిల్డ్ 1482 ఆగస్టులో తాను పుట్టిన హైడెల్‌బెర్గ్‌లోనే కన్నుమూసింది. జిండెల్ఫింగెన్ వృత్తాంతం ఆగిపోయిందీ ఆ 1482లోనే. రెండింటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ గురువులూ సొమ్మూ ట్యూబింగెన్‌కు వెళ్లిపోయిన కొద్ది ఏళ్లకే పుస్తకం ఆగిపోయింది. కొడుకు 1495లో డ్యూక్ హోదా పొంది, మరుసటి ఏడే చనిపోయాడు. 1534లో వ్యూర్టెంబెర్గ్‌లో లూథర్ సంస్కరణ వచ్చాక ఇక్కడి మఠమూ పోయింది. మార్టిన్ దేవాలయం మాత్రం సంఘానిదిగా నిలిచింది. 1558 నుంచి ఈ దేశపు పాదిరులు బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ పుస్తకంలో రాయాలని డ్యూక్ క్రిస్టోఫ్ ఆజ్ఞ ఇచ్చాడు.

ట్యూబింగెన్‌లో ఆ తర్వాత చదివినవాళ్లలో మెలాంఖ్‌తోన్, కెప్లర్ ఉన్నారు. మనకు దగ్గరివాడు ఇంకొకడున్నాడు. స్టుట్‌గార్ట్‌లో పుట్టిన హెర్మన్ గుండెర్ట్ అక్కడే వేదాంతం చదివి, 1835లో డాక్టరేట్ పొంది, మరుసటి ఏడు మద్రాసులో ఓడ దిగాడు. 1838లో ఆయన పెళ్లి జరిగింది మన చిత్తూరులో. తర్వాత మలబారు వెళ్లి మలయాళానికి నిఘంటువు రాసి, చివరికి కాల్వ్‌లో స్థిరపడ్డాడు. జిండెల్ఫింగెన్ దేవాలయాన్ని స్థాపించిన అడల్బెర్ట్ ఊరు అదే కదా! నవలాకారుడు హెర్మన్ హెస్సె ఈయన మనవడే.

మీకు ఒక శనివారం ఖాళీ దొరికితే బ్యోబ్లింగెన్ నుంచి హెరెన్‌బెర్గ్ వెళ్లి, అక్కడ రైలు మారి ట్యూబింగెన్‌లో దిగండి. పాత ఊళ్లోకి ఎక్కితే జార్జి దేవాలయం వస్తుంది. మెఖ్తిల్డ్‌ను మొదట కొండల మధ్య గ్యూటెర్‌స్టైన్ మఠంలో, మొదటి భర్త పక్కన పాతిపెట్టారు. సంస్కరణ తర్వాత ఆ మఠం మూతపడడంతో 1554లో ఇద్దరినీ ఇక్కడికి తెచ్చారు. కొడుకు అంతకు ముందే, 1537లో, ష్యోన్‌బుఖ్ అడవిలోని సమాధి నుంచి ఇక్కడికి చేరాడు. బలిపీఠం ఎదుట వరుసగా ఉన్న రాతి సమాధుల్లో ఆమెది వెతకండి, దాని మీద ఆమె రూపం చెక్కి ఉంటుంది. జిండెల్ఫింగెన్ మాన్యంతో నిలబడిన ఆ గురువుల పీఠం కూర్చున్నది ఆ దేవాలయంలోనే.