ముద్దేనహళ్లి నుంచి బయలుదేరిన బాలుడు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబర్ 15న దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం జరుగుతుంది. ఆనాటి సభల్లో కృష్ణరాజసాగరం ఆనకట్ట గురించి, హైదరాబాదును మూసీ వరదల నుంచి కాపాడిన పథకం గురించి వక్తలు ప్రసంగిస్తారు. అయితే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితంలో మన సరిహద్దు పల్లెల కుటుంబాలకు మరింత దగ్గరగా ఉండే ఘట్టం వేరొకటి ఉంది. చదువు కోసం పల్లె విడిచి చిన్న పట్టణానికి, అక్కడి నుంచి నగరానికి వెళ్లి, పరాయి ఇళ్లలో తలదాచుకుని పైకి వచ్చిన బాలుని కథ అది.

తెలుగు ఇల్లు, కన్నడ సీమ

విశ్వేశ్వరయ్య పూర్వికులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. కొన్ని తరాల క్రితమే వారు మైసూరు సంస్థానానికి తరలివెళ్లారు. ఊరు వదిలినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది. ఇంట్లో మాట్లాడే భాషా తెలుగుగానే మిగిలింది. నందికొండల సమీపంలోని ముద్దేనహళ్లిలో ఆయన జన్మించారు. పుట్టిన సంవత్సరం 1860 అని కొందరు, 1861 అని మరికొందరు రాశారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆ ఇంట పాండిత్యానికి లోటు లేదు గాని, ధనానికి మాత్రం ఎప్పుడూ కొరతే.

బాల్యంలో ఆయన చదువు చిక్కబళ్లాపురంలో సాగింది. ముద్దేనహళ్లికి ఆ పట్టణం కొద్ది మైళ్ల దూరమే. కాని పల్లె పిల్లవానికి ఆ కొద్ది మైళ్లే మరో లోకం. పల్లెలో ప్రతివారికీ అతడు ఫలానా వారి అబ్బాయి. పట్టణపు బడిలో తన పేరును తానే నిలబెట్టుకోవాలి. ఇంటి భాష ఒకటి, వీధి భాష మరొకటి. ఇంతలో తండ్రి మరణించారు. అప్పటికి ఆయన ఇంకా బాలుడే. సంసారం గడవడమే కష్టమైన స్థితిలో కుమారుని చదువు మాన్పించకుండా నిలబెట్టిన ఘనత తల్లిది.

మేనమామ ఇంట భోజనం

పై చదువుకు బెంగుళూరు వెళ్లవలసి వచ్చింది. చిక్కబళ్లాపురానికి అప్పట్లో రైలు లేదు. నగరంలో మేనమామ రామయ్యగారి ఆదరణ లభించింది. మిషన్ ఉన్నత పాఠశాలలోను, తరువాత సెంట్రల్ కళాశాలలోను ఆయన విద్యాభ్యాసం కొనసాగింది. ఖర్చుల కోసం పిల్లలకు పాఠాలు చెప్పేవారు. కొడగు ప్రాంతానికి చెందిన ఒక అధికారి ఇంట పిల్లలకు చదువు చెబుతూ అక్కడే నివసించి, భోజనానికి మేనమామ ఇంటికి నడిచి వెళ్లేవారు. పగలు విద్యార్థి, మిగిలిన వేళ ఉపాధ్యాయుడు. జీవితాంతం ఆయనలో కనిపించిన కాలనియమానికీ, పైసా పైసాకూ లెక్క చూసుకునే అలవాటుకూ పునాది ఈ సంవత్సరాల్లోనే పడిందనుకోవచ్చు.

1881లో బి.ఎ. పట్టా వచ్చింది. కళాశాల బెంగుళూరులో ఉన్నా పట్టా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయం. ఎందుకంటే మైసూరు సంస్థానానికి అప్పటికి సొంత విశ్వవిద్యాలయం లేదు. ఇంజనీరింగు కళాశాల కూడా లేదు. సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన పుణే వెళ్లారు. 1883లో ఇంజనీరింగు పరీక్షలో బొంబాయి రాజధానిలోనే ప్రథములుగా ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వంలో సహాయ ఇంజనీరుగా చేరి నాసిక్, ధూళే, సుక్కూరు వంటి కొత్త ఊళ్లలో పనిచేశారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం ఆయన సలహా కోరింది. దాని ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

తిరిగి వచ్చి చేసిన పని

1909లో మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా, 1912లో దివానుగా వచ్చిన తరువాత ఆయన చేసిన పనులను బాల్యంతో పోల్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 1913లో ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే శాసనం వచ్చింది. వేల సంఖ్యలో కొత్త బడులు తెరిచారు. 1915లో యలహంక నుంచి చిక్కబళ్లాపురానికి రైలు నడిచింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. తాను ఏయే వసతులు లేక దూరాలు పోవలసి వచ్చిందో, దాదాపు వాటినన్నిటినీ తరువాతి పిల్లలకు చేరువ చేశారు.

ఈ కథకు మరో పార్శ్వమూ ఉంది. వెనుకబడిన వర్గాలకు ప్రభుత్వోద్యోగాల్లో ప్రత్యేక స్థానాలు కేటాయించాలన్న మహారాజు సంకల్పాన్ని ఆయన అంగీకరించలేదు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన అభిప్రాయం. 1918లో దివాను పదవిని వదులుకోవడానికి ఆ భేదమే ముఖ్య కారణం. ఆయన పేదరికం చవిచూసినవారే. కాని ఆయనకు వెనుక పండిత కుటుంబం ఉంది, నగరంలో మేనమామ ఇల్లు ఉంది. ఆ రెండూ లేని పిల్లవాడు బడి తలుపు దాకా రావడమే కష్టం. ఆయన గొప్పతనాన్ని గౌరవిస్తూనే ఈ మాట కూడా చెప్పుకోవాలి.

భద్రావతి ఇనుప కర్మాగారానికి చేసిన సేవకు లభించిన ధనాన్ని ఆయన ఒక వృత్తివిద్యా సంస్థకు ఇచ్చారు. 1943లో బెంగుళూరులో ప్రారంభమైన ఆ సంస్థకు తన పేరు కాక మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నిండు నూరేళ్లు జీవించి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలోనే జరిగాయి.

నేడు మన సరిహద్దు గ్రామాల పిల్లలు చిన్న పట్టణాల హాస్టళ్లలోను, బెంగుళూరులో బ్రూక్‌ఫీల్డ్ వంటి ప్రాంతాల అద్దె గదుల్లోను చదువు కోసం, కొలువు కోసం ఉంటున్నారు. కొత్త ఊరిలో మొదటి నెలలు ఎవరికైనా భారమే. అటువంటి పిల్లలను సెలవుల్లో ఒకసారి ముద్దేనహళ్లి తీసుకువెళ్లండి. విశ్వేశ్వరయ్య పుట్టిన ఇల్లు, సమాధి అక్కడ ఉన్నాయి. బిడ్డను దూరం పంపి దిగులుపడే తల్లిదండ్రులకు కూడా అక్కడ తలచుకోవలసిన వ్యక్తి ఒకరున్నారు. ఆమె వెంకటలక్ష్మమ్మగారు.