లెనర్డ్ చెషైర్ - బొమ్మ అంచున ఒక పెన్సిల్ సంతకం

ఇంగ్లండులో ఎయిర్ షోలకు వెళ్ళే అలవాటున్నవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. మైదానానికి ఒక పక్కన టెంట్లు, వాటిలో ఫ్రేములు కట్టిన యుద్ధవిమానాల బొమ్మలు. ఒక దాంట్లో లాంకాస్టర్ బాంబర్ వెన్నెట్లో మబ్బుల మీదుగా వెళ్తూంటుంది. బొమ్మ కింద తెల్లటి అంచు మీద పెన్సిలుతో చిత్రకారుడి సంతకం, కాపీ నంబరు, వాటి పక్కన ఆ విమానాలు నడిపినవాళ్ళ సంతకాలు. రాబర్ట్ టేలర్ లాంటి చిత్రకారుల పుణ్యమా అని గత నలభై ఏళ్ళ పైచిలుకు కాలంలో ఈ ప్రింట్లు సేకరించడం చాలామందికి వ్యసనంలా తయారైంది. అచ్చు వేసేది పరిమిత సంఖ్యలో కాపీలే. బొమ్మ ఒకటే అయినా, కింద సంతకం చేసిందెవరన్న దాన్ని బట్టి ధర మారిపోతుంది.

అలాంటి కొన్ని ప్రింట్ల మీద లెనర్డ్ చెషైర్ సంతకం కనిపిస్తుంది. చెషైర్ హోమ్ అన్న పేరు మనలో చాలామంది ముంబైలోనో బెంగుళూరులోనో విన్నదే. ఆ చెషైరూ ఈ బాంబర్ పైలటూ ఒక్కరేనని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

చెషైర్ 1917 సెప్టెంబరు 7న చెస్టర్‌లో పుట్టాడు. తండ్రి జెఫ్రీ చెషైర్ ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం బోధించేవాడు. మీ బంధువుల్లో లాయర్లుంటే అడిగి చూడండి, కాంట్రాక్టు చట్టం మీద చెషైర్, ఫైఫుట్ ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం పేరు చెప్తారు. ఆ చెషైర్ ఈయనే. కొడుకు కూడా ఆక్స్‌ఫర్డులో లా చదివాడు గానీ, చదువు మీద కన్నా వేగంగా నడిచే కార్ల మీదా విశ్వవిద్యాలయం వారి విమానాల మీదా ఎక్కువ ధ్యాస. 1936లో కొన్నాళ్ళు జర్మనీలోని పోట్స్‌డాంలో ఒక కుటుంబంతో ఉన్నాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ దేశం మీదికే రాత్రిళ్ళు బాంబులు మోసుకెళ్ళాడు.

1940 నవంబరులో ఒక రాత్రి కొలోన్ మీద అతని విట్లీ విమానం పక్కనే గుండు పేలింది. లోపలున్న ఫ్లేర్ అంటుకుని విమానం ప్రక్కభాగం పెద్ద మేర ఎగిరిపోయింది. వైర్‌లెస్ ఆపరేటర్ ముఖం, చేతులు కాలిపోయినా తన పని వదల్లేదు. మిగతావాళ్ళు మంటలార్పారు. చెషైర్ ఆ కన్నాల విమానాన్నే ఇంటికి తెచ్చాడు. అప్పటికి అతని వయసు 23. ఆ పతకం ఆయనకొచ్చింది గానీ, విమానం తిరిగొచ్చింది మాత్రం అందరివల్లా. ప్రింట్ల మీద పైలట్ సంతకం పక్కన గన్నర్లవీ నావిగేటర్లవీ సంతకాలు కూడా ఎందుకు కావాలంటారో దీన్ని బట్టే అర్థమవుతుంది. లాంకాస్టర్‌లో ఎక్కేది ఏడుగురు, కూలితే పోయేదీ సాధారణంగా ఏడుగురే. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన దాదాపు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. అంటే పదిమందిలో నలుగురికి పైగా.

1942లో 76వ స్క్వాడ్రన్‌కి అధిపతి అయ్యాక, కింద పనిచేసే మెకానిక్‌లతో సహా ప్రతివాడి పేరూ గుర్తుపెట్టుకునేవాడట. ఆ మంచితనానికి రెండో వైపు కూడా ఉంది. భయంతో ఎగరలేనన్నవాణ్ణి ఒక్కరోజు కూడా ఉంచకుండా పంపించేసేవాడు. ఒకడి భయం మిగతావాళ్ళకి పాకుతుందని అప్పటి ఆలోచన. ఈ రెండూ ఒకే మనిషివని ఒప్పుకోవడం కష్టమే, కానీ ఆయన్ని దేవుణ్ణి చేసేస్తే అసలు మనిషి కనిపించడు.

1943లో, పాతికేళ్ళకే గ్రూప్ కెప్టెన్ అయ్యాడు. అంత పెద్ద హోదా అంటే కుర్చీలో కూర్చోవడమే. ఆయన హోదా తగ్గించుకుని మరీ మళ్ళీ విమానం ఎక్కాడు. ఆ నవంబరులో 617వ స్క్వాడ్రన్ బాధ్యత దక్కింది. జర్మనీ ఆనకట్టల్ని బద్దలుకొట్టిన దళం అదే. అక్కడ చెషైర్ చేసిన కొత్త పని ఏమిటంటే, గురి చూపించే విమానం పైన ఎక్కడో కాకుండా ఇళ్ళ కప్పుల ఎత్తుకి దిగి దీపపు గుర్తులు వెయ్యడం. వెనకొచ్చేవాళ్ళు ఆ వెలుగు చూసి బాంబులు వేస్తారు. 1944 ఫిబ్రవరి 8 రాత్రి ఫ్రాన్సులోని లిమోజ్‌లో జర్మన్ల కోసం పనిచేస్తున్న విమాన ఇంజన్ల కర్మాగారం మీదికి వెళ్ళారు. లోపల రాత్రి షిఫ్టులో వందలాది ఫ్రెంచి స్త్రీలున్నారు. చెషైర్ ముందు కర్మాగారం మీదుగా మూడుసార్లు అతి తక్కువ ఎత్తులో ఎగిరి, వాళ్ళు పరుగెత్తి బయటపడటానికి సమయమిచ్చాడు. శత్రువుకి కూడా అది హెచ్చరికే అవుతుందని తెలిసి చేసిన పని అది.

వంద దాడులు పూర్తయ్యాక ఆయన్ని ఇక ఎగరనివ్వలేదు. 1944 సెప్టెంబరులో విక్టోరియా క్రాస్ ఇచ్చారు, ఏదో ఒక్క సాహసానికి కాదు, నాలుగేళ్ళపాటు నిలిచిన ధైర్యానికి.

ఆ తర్వాత నాగసాకి. 1945 ఆగస్టు 9న బ్రిటన్ తరఫున పరిశీలకుడిగా ఒక విమానంలో ఉన్నాడు. ఆ విమానం దారి తప్పడం వల్ల పేలుడు చాలా దూరం నుంచే చూశాడు. అది చూసి పశ్చాత్తాపంతో సేవామార్గం పట్టాడని కథ ప్రచారంలో ఉంది. కథగా బాగానే ఉంటుంది గానీ, ఆయన దాన్ని ఒప్పుకోలేదు. ఆ బాంబు యుద్ధాన్ని ఆపిందనే చివరిదాకా నమ్మాడు. మనకు నచ్చినా నచ్చకపోయినా, ఆయన మాట అది.

అసలు మలుపు వచ్చింది మరోచోట. మాజీ సైనికుల కోసం ఆయన పెట్టిన సమష్టి నివాసం అప్పుల్లో మునిగి దెబ్బతింది. హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పెద్ద ఖాళీ భవనం చేతిలో మిగిలింది. 1948లో ఒక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఒకప్పుడు ఆ నివాసంలో పనిచేసిన ఆర్థర్ డైక్స్‌కి కాన్సర్, ఇక చెయ్యగలిగింది లేదు, వెళ్ళడానికి చోటు కూడా లేదు. చెషైర్ అతన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. నర్సు లేదు, డబ్బు లేదు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, బెడ్‌పాన్ ఎత్తడం అన్నీ తనే నేర్చుకున్నాడు. డైక్స్ ఆ ఆగస్టులో పోయాడు. ఆ లోపే మరొకరు వచ్చారు, తర్వాత ఇంకొకరు. చెషైర్ హోమ్‌ల పుట్టుక అదీ. ఆ ఏడాది చివర్లో ఆయన కాథలిక్ అయ్యాడు. మరికొన్నాళ్ళకి క్షయ వచ్చి తనే ఆసుపత్రి మంచం మీద దాదాపు రెండేళ్ళు గడిపాడు.

కోలుకున్నాక వచ్చింది మన దేశానికే. 1950ల మధ్యలో ముంబైలోని అంధేరీలో భారతదేశపు మొదటి హోమ్ మొదలైంది. నాజీ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డవాళ్ళ కోసం పనిచేస్తున్న సూ రైడర్‌ని 1959 ఏప్రిల్‌లో ముంబైలోనే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి డెహ్రాడూన్‌లో రాఫేల్ అనే కేంద్రం పెట్టారు, కుష్ఠురోగులకీ మానసికంగా ఎదగని పిల్లలకీ. ఆయన బతికుండగానే హోమ్‌లు దాదాపు యాభై దేశాలకు పాకాయి. 1992 జులై 31న మోటార్ న్యూరాన్ జబ్బుతో పోయాడు. ఒక్కొక్క అవయవం పనిచెయ్యడం మానేసే ఆ జబ్బు రోగుల్ని ఆయన తన హోమ్‌లలో ఎందర్నో చూసి ఉంటాడు.

ఇక సంతకాల సంగతి. 617వ స్క్వాడ్రన్ మొదటి నాయకుడు గై గిబ్సన్ 1944లోనే, 26 ఏళ్ళకే, హాలండులో విమానం కూలి చనిపోయాడు. ఈ ప్రింట్ల కాలానికి అతను లేడు. చెషైర్ యుద్ధం తర్వాత 47 ఏళ్ళు బతికాడు కనుక ఆయన సంతకం మరీ అరుదేమీ కాదు. ఆనకట్టల దాడికి వెళ్ళినవాళ్ళలో చివరిగా మిగిలిన జానీ జాన్సన్ కూడా 2022 డిసెంబరులో పోయాడు. కనుక ఇప్పుడు దొరికేవన్నీ పాత సంతకాలే. కొనేవాళ్ళు అంచు మీదున్నది నిజంగా పెన్సిలు గీతేనా, బొమ్మతో పాటు అచ్చయిందా అన్నది వెలుతురులో వాలుగా పట్టి చూసుకోండి. చెషైర్ పేరు పక్కన మనమెప్పుడూ వినని గన్నర్ పేరేదైనా కనిపిస్తే, దాన్ని కూడా ఫ్రేములో కప్పేయకుండా కట్టించండి.