హెలెన్ కెల్లర్ ప్రక్కన కూర్చున్న టీచరమ్మ

హెలెన్ కెల్లర్ పేరు మన సంఘములలో వినని వారు అరుదు. చూపు, వినికిడి రెండును లేకయే పట్టభద్రురాలై, పుస్తకములు వ్రాసి, 1955లో, 74 ఏండ్ల వయస్సున, మన దేశమునకు కూడ వచ్చి వెళ్లిన స్త్రీ ఆమె. ఆదివారపు బడి పిల్లలు సైతము ఆమె కథ చెప్పగలరు. అయితే ఆమె ప్రక్కన కూర్చున్న మనిషిని గూర్చి మనము చెప్పుకొనునది తక్కువ. ఈ శతవార్షిక సంచికకు సీలేరు కొండలనుండి ఏదైన వ్రాయవలెననుకొన్నప్పుడు మేము ఆ రెండవ మనిషినే ఎంచుకొంటిమి. తక్కిన పిల్లలతో సమానముగా నేర్వలేని బిడ్డలు మా గ్రామములలోను ఉన్నారు. వారి ప్రక్కన కూర్చుండువారే కావలసియున్నారు.

ఆనీ సలివాన్ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున పుట్టెను. తలిదండ్రులు ఐర్లండు నుండి వలస వచ్చిన నిరుపేదలు. అయిదేండ్ల ప్రాయమున ట్రకోమా అను కంటి జబ్బు తగిలి ఆమె చూపు చాలవరకు పోయెను. తల్లి క్షయతో చనిపోయెను, తండ్రి పిల్లలను వదలివేసెను. 1876 ఫిబ్రవరిలో, పదేండ్లయినను నిండని ఈ పిల్లను, కుంటివాడైన తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీ అను ఊరిలోని ప్రభుత్వ బీదల ఆశ్రమములో చేర్చిరి. రోగులు, వృద్ధులు, మతి చలించినవారు అందరును ఒకే కప్పు క్రింద నుండు చోటు అది. కొద్ది నెలలకే జిమ్మీ అక్కడ మరణించెను. ఆనీ నాలుగేండ్లకు పైగా అక్కడనే పెరిగెను. 1880లో తనిఖీకి వచ్చిన పెద్దల మధ్యకు చొరబడి, తనను బడికి పంపుమని వేడుకొనెను. ఆ విధముగా బోస్టనులోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరెను. అప్పటికి ఆమె వయస్సు 14. తన పేరైనను వ్రాయనేరదు. తరువాత శస్త్రచికిత్సల వలన కొంత చూపు తిరిగి వచ్చెను. 1886లో తరగతిలో మొదటిదిగా నిలిచి చదువు ముగించెను.

ఆ పాఠశాలలోనే లారా బ్రిడ్జిమన్ అను స్త్రీ ఉండెను. ఆమెకును చూపు, వినికిడి లేవు. చేతివ్రేళ్లతో ఒక్కొక్క అక్షరమును ఎదుటివారి అరచేతిలో తాకించి మాటలాడు పద్ధతిని ఆనీ ఆమె వలన అలవరచుకొనెను. ఆనీకి తరువాత ఉపయోగపడినది ముఖ్యముగా ఇదియే.

1887 మార్చి 3న, 20 ఏండ్ల ఆనీ అలబామా రాష్ట్రములోని టస్కంబియా చేరెను. జీతము నెలకు 25 డాలర్లు, భోజనము, వసతి. (అదే 1887లో మన దేశమున అమృతసర్‌లో మిస్ ఆనీ షార్ప్ అను మిషనెరీ అంధులకు మొట్టమొదటి పాఠశాల తెరచెను.) హెలెన్‌కు ఇంక ఏడేండ్లు నిండలేదు. 19 నెలల బిడ్డగా నున్నప్పుడు జబ్బుచేసి చూపు, వినికిడి పోయినవి. ఇంటివారు జాలిచేత ఆమె ఏది చేసినను ఊరకుండిరి. భోజనపు బల్లచుట్టు తిరుగుచు ఎవరి పళ్లెములో చేయి పెట్టినను అడ్డు చెప్పెడివారు లేరు. ఆనీ తన పళ్లెము ముట్టనీయలేదు. ఇంటివారిని గదినుండి పంపివేసి, హెలెన్ క్రింద పడి తన్నుకొన్నను, చెంచా విసరివేసినను మరల చేతికిచ్చుచు, పిల్ల తన చెంచాతో తాను తిని, తుండుగుడ్డ మడచువరకు విడువలేదు. తరువాత తలిదండ్రుల అనుమతితో తోటలోని చిన్న యింటిలో ఇద్దరే కొన్ని దినములుండిరి.

చదువరులు ఇక్కడ మా మాట కొంచెము వినవలెను. మా కొండలలో తలిదండ్రులకు ప్రేమ తక్కువ కాదు. నడువలేని బిడ్డను వీపున వేసికొని వాగులు దాటు తల్లులున్నారు. కాని అన్నము మనమే కలిపి నోట పెట్టి, బొత్తాము మనమే పెట్టి, ఇంటిలోనే కూర్చుండబెట్టుటయే ప్రేమ అనుకొనుచున్నాము. ఆనీని చూచి కెల్లర్ ఇంటివారు మొదట నొచ్చుకొన్నట్లే మనమును నొచ్చుకొందుము. ఇప్పుడు మన రాష్ట్రములో ఇట్టి పిల్లలకు మండలములలో భవిత కేంద్రములు నడుచుచున్నవి. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. వారు వచ్చి వెళ్లిన తరువాత మిగిలిన గంటలున్నవే, అవి ఎవరివి? రోజుకు రెండు గంటలు వచ్చి బిడ్డచేత చెంచా పట్టించుటకు, పలకమీద గీత గీయించుటకు ఇంటరు చదివిన మన పిల్ల చాలును. ఓపిక మాత్రము ఆనీ ఓపిక కావలెను.

ఏప్రిల్ 5న ఆనీ హెలెన్ చేతిని బావి గొట్టము క్రింద పెట్టి, ఒక చేతిపై నీరు పడుచుండగా రెండవ చేతిలో నీరు అను మాటను వ్రేళ్లతో వ్రాసెను. అంతవరకు ఆటగా నున్న వ్రేళ్ల కదలికకు అర్థమున్నదని పిల్ల ఒక్కసారిగా గ్రహించెను. ఆ దినమే మరి అనేకమైన పేర్లు అడిగి నేర్చుకొనెను. ఈ ఘట్టము అందరు ఎరిగినదే. దానికి ముందు నెలరోజులుగా, అర్థముకాని పిల్ల చేతిలో అవే అక్షరములను విసుగక వ్రాసినది మాత్రము మేము మరువలేము.

తరువాతి కాలము సుఖముగా గడువలేదు. హెలెన్ వ్రాసిన ఒక చిన్న కథ వేరొకరి కథను పోలియున్నదని 1892లో పెర్కిన్స్ పెద్దలు విచారణ జరిపిరి. పన్నెండేండ్లు నిండని పిల్లను, ఆనీని బయటకు పంపి, ఒంటరిగా ప్రశ్నించిరి. అనుమానము టీచరు మీదకును వచ్చెను. మాకు ఇది అన్యాయముగానే తోచుచున్నది. 1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరగా, ఆనీ ప్రతి తరగతిలోను ప్రక్కన కూర్చుండి ఉపన్యాసమంతయు అరచేతిలో వ్రాసెను. బ్రెయిలు లిపిలో దొరకని పుస్తకములను అసలే బలహీనమైన తన కన్నులతో చదివి వినిపించెను; వినిపించెననుటయు సరికాదు, చేతికి అందించెను. 1904లో పట్టము హెలెన్‌కు వచ్చెను. అదే తరగతులలో నాలుగేండ్లు కూర్చున్న ఆనీకి ఏమియు రాలేదు. టెంపుల్ విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చినది 1932లో.

మన పాఠశాలలలో ఇట్టి పిల్లల ప్రక్కన కూర్చుండువారికిని పట్టికలో పేరుండదు, ఫలితముల దినమున వారిని ఎవరును తలచరు. బిడ్డ ప్యాసయిన నాడు ఆ అక్కను కూడ సంఘము ఎదుటికి పిలువవలెనని మా కోరిక.

చివరి దినములలో ఆనీ చూపు పూర్తిగా పోయెను. 1936 అక్టోబరు 20న, హెలెన్ ఆమె చేయి పట్టుకొనియుండగా, ఆమె కన్నుమూసెను. అస్థికలను వాషింగ్టనులోని జాతీయ కథీడ్రలులో ఉంచిరి. తన స్వకార్యము వలన ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. హెలెన్ ఆమెను కడవరకు టీచర్ అనియే పిలిచెను. 1968 జూన్ 1న హెలెన్ కూడ కన్నుమూయగా, ఆమె అస్థికలను టీచరు ప్రక్కనే ఉంచిరి.