శ్రీరాములును సగమే గుర్తుపెట్టుకున్నాం

సూళ్లూరుపేట పక్కల పిలకాయలకు ఒక మాట. 2022 ఏప్రిల్ దాకా మన కులం సర్టిఫికెట్టు మీద, ఇంటి కాగితాల మీద జిల్లా పేరుతో పాటు ఒక మనిషి పేరు ఉండేది. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టినారు. మనల్ని తిరుపతి జిల్లాలో కలిపినాక ఆ పేరు మన కాగితాల్లోంచి పోయింది. కాగితంలో పోతే పోనీ, మనసులో అయినా ఉందా? పది చదివిన పిల్లోడిని ఆయన ఎవురని అడిగితే, ఆంధ్ర రాష్ట్రం కోసం అన్నం మానేసి చచ్చిపోయినాయన అంటాడు. తప్పు కాదు. కానీ అది సగం జవాబే. మిగతా సగం గురించే నా పోరు.

నేను కాలేజీ మెట్లెక్కి చరిత్ర చదివినోడిని కాదు. దొరికింది చదివి, పెద్దోళ్లను అడిగి, తిరిగి తెలుసుకున్నోడిని. ఒక మనిషి బతుకు తెలియాలంటే ఆయన పుట్టిన వీధిలో, పోయిన వీధిలో నడిచి చూడాలనేది నా లెక్క. మనకు అదేం కష్టం కాదు. సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే మద్రాసు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగుతాం. మనోళ్లు ఆడ దిగి ఆస్పత్రికి పోతారు, బట్టలకు టీ నగర్ పోతారు, లేదంటే మెరీనా బీచికి పోతారు. ఒక్కసారి తూర్పు పక్కకు నడవండి.

వాల్ ట్యాక్స్ రోడ్డు దాటితే జార్జ్ టౌన్. తెల్లోళ్లు కోటలో ఉండి, మనోళ్లను బయట ఉంచి, ఆ బయట ఊరికి నల్ల పట్నం అని పేరు పెట్టినారు. రాజు పేరు తర్వాత వచ్చింది. ఆ రోడ్డు పేరు కూడా ఊరికే రాలేదు. ఊరి చుట్టూ గోడ కట్టి, ఖర్చు జనం మీద పన్నుగా వేయాలని కంపెనీ దొరలు చూసినారు. పన్ను వసూలు కాలేదు, పేరు మాత్రం మిగిలింది. లోపలికి పోతే మింట్ స్ట్రీట్, గోవిందప్ప నాయకన్ వీధి, కొత్వాల్ చావడి. 1996లో కోయంబేడుకు మారేదాకా మద్రాసుకు కూరగాయల మార్కెట్టు కొత్వాల్ చావడే. ఒక అంగడిలో తెలుగు, పక్క అంగడిలో తమిళం, ఎదురుగా మార్వాడీ. తల మీద మూట పెట్టుకున్న కూలీకి దారిచ్చి పక్కకు జరగాలంటే గోడకు ఆనుకోవాల. సందులు అంత ఇరుకు.

ఆ సందుల్లోనే అణ్ణాపిళ్లె వీధి. 1901 మార్చి 16న శ్రీరాములు పుట్టింది ఆడనే. నాయన గురవయ్య, అమ్మ మహాలక్ష్మమ్మ. వాళ్ల సొంతూరు కనిగిరి పక్క పడమటిపల్లె. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. పల్లె వదిలి పట్నం చేరిన కుటుంబం, మన ఇళ్లల్లో చానామంది మాదిరే.

మద్రాసులో చదివి, బొంబాయి పోయి శానిటరీ ఇంజనీరింగు చేసినాడు. మురుగు ఎట్ల పోవాల, మంచినీళ్లు ఎట్ల రావాల అని నేర్పే చదువు అది. రైల్వేలో ఉద్యోగం వచ్చింది. నెల జీతం, పెళ్లాం, కడుపున బిడ్డ. ముప్పై ఏళ్లు నిండకముందే భార్యా పోయింది, పుట్టిన బిడ్డా పోయింది. కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమానికి, గాంధీ దగ్గరకు పోయినాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలు. తర్వాత క్విట్ ఇండియా దాకా జైలుకు పోతా వస్తా ఉన్నాడు. గుజరాత్‌లో పని చేసినాడు, కృష్ణా జిల్లా కొమరవోలు ఆశ్రమంలో పని చేసినాడు. కడాకు నెల్లూరు చేరినాడు.

మనం మరిచిపోయిన సగం ఈ నెల్లూరుదే. 1946 మార్చిలో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానియ్యాలని అన్నం మానేసినాడు. ఆ గుడి తలుపులు తెరుచుకున్నాయి. అయినా ఆయన ఆగలేదు. దళితుల కోసం అధికారులు వారంలో ఒక్కరోజన్నా పని చేయాలని సర్కారు మీద మళ్లీ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. కలెక్టర్లకు ఆ ఉత్తర్వు పోయింది. 1946 నుంచి 48 లోపల ఇట్ల మూడు దీక్షలు. దీక్ష లేని రోజుల్లో ఏం చేసేవాడంటే, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు. చెప్పులు లేవు, గొడుగు లేదు. నెల్లూరు ఎండ సంగతి నేను మీకు చెప్పాల్నా? చూసినోళ్లు నవ్వినారు. సొంత కులంలో ఛాందసులు తిట్టినారు. ఆయన నడవడం మానలేదు.

ఇప్పుడేమో కులసంఘాలోళ్లు విగ్రహానికి దండేసి మావోడు అంటారు. బతికున్నప్పుడు మావోడు అన్నోళ్లు ఎంతమంది?

ఇంక అందరికీ తెలిసిన సగం. మద్రాసు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం గురించి చూస్తామని 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి కమిటీ తేల్చింది. 1951లో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా మాట మీద విరమించినాడు. ఏమీ కాలేదు. 1952 అక్టోబర్ 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో శ్రీరాములు కూర్చున్నాడు. మద్రాసుతో కూడిన ఆంధ్ర కావాలన్నాడు. ఢిల్లీలో నెహ్రూ, మద్రాసులో రాజాజీ. ఇద్దరూ కదల్లేదు. 58వ రోజు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది. ఆ తర్వాత జనం రోడ్ల మీదికొచ్చినారు, రైళ్లు ఆగినాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయినారు. డిసెంబర్ 19న నెహ్రూ రాష్ట్రం ప్రకటించినాడు. మనిషి బతికున్న 58 రోజుల్లో కాని పని, చచ్చిన నాలుగు రోజుల్లో అయింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆయన పుట్టిన వీధి, పోయిన ఇల్లు రెండూ మన రాష్ట్రం బయటే ఉండిపోయినాయి.

ఆ ఇల్లు రాయపేట హైరోడ్డులో 126 నంబరు. స్మారకంగా ఉంచినారు. జార్జ్ టౌన్ చూసుకుని, బస్సెక్కి పోయి చూడండి.

కానీ ఆడితో యాత్ర అయిపోయిందనుకోవద్దు. తిరుగు రైలు మన ఊర్లో దిగకుండా ఇంకోరోజు నెల్లూరు దాకా పోయి మూలాపేట వీధుల్లో కూడా నడవండి. నా మటుకు నాకు ఆయన్ని చూడాల్సిన అసలు చోటు అదే. రాష్ట్రం కోసం చేసిన దీక్ష ఢిల్లీ మీద. దానికి లక్షలమంది వెనకాల నిలబడినారు. మూలాపేట దీక్ష మన మీద, మన ఇరుగుపొరుగు మీద. సొంతోళ్లనే అడిగిన దీక్ష అది. ఆ ఎండలో ఆయన వెనక నడిచినోళ్లు తక్కువే. ఏది కష్టమో మీరే చెప్పండి.

మన సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. దాన్ని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. మరి మన పల్లెల్లో రామాలయాల మాటేంది? దళితవాడ నుంచి వచ్చిన పిల్లోడు గర్భగుడి ఎదురుగా నిలబడి దండం పెట్టుకుంటున్నాడా, ధ్వజస్తంభం కాడే ఆగిపోతున్నాడా? తిరనాళ్లలో అమ్మవారి బండి దళితవాడలోకి పోతా ఉందా, మొదట్లోనే తిరుక్కుంటా ఉందా? శ్మశానానికి వాళ్లకు దారి ఉందా? ఈ జవాబులు నేను మద్రాసులో కూర్చుని చెప్పలేను. మీ ఊర్లో మీరు నడిచి చూడాల.

డిసెంబర్ 15న దండలు వేసేవాళ్లు ఎట్లాగూ వేస్తారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఆరోజు మీ ఊరి గుడి నుంచి దళితవాడ దాకా ఒకసారి నడవండి. చెప్పులు వేసుకునే నడవండి, పర్లేదు. పోయి, ఈ మూడు ప్రశ్నలూ ఆడోళ్లనే అడిగి రండి.