తోలు షాపు గుమాస్తా.. అమెరికా అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పారు!

1860లో తండ్రి తోలు షాపులో పని చేసుకుంటున్న ఓ మాజీ ఆర్మీ కెప్టెన్.. ఐదేళ్లు తిరిగేసరికి అమెరికా అంతర్యుద్ధంలో విజేత. ఆయనే యులిసిస్ గ్రాంట్.

1822లో ఒహాయోలో పుట్టారు. వెస్ట్ పాయింట్‌లో ట్రైనింగ్ అయ్యాక మెక్సికో యుద్ధంలో పోరాడారు. 1854లో ఆర్మీ వదిలేశారు. వ్యవసాయం చేస్తే కలిసిరాలేదు. 1861లో యుద్ధం మొదలవడంతో ఉత్తరాది తరఫున మళ్లీ యూనిఫాం వేశారు.

1862 ఏప్రిల్‌లో షైలో దగ్గర తొలిరోజు గట్టి దెబ్బ తగిలింది. వెనక్కి తగ్గలేదు, మర్నాడే తిప్పికొట్టారు. కానీ రెండు వైపులా మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవాళ్లు కలిపి 23 వేలకు పైనే. గ్రాంట్‌ను తీసేయాలని ఒత్తిడి వచ్చినా లింకన్ వినలేదు.

అసలు టర్నింగ్ పాయింట్ విక్స్‌బర్గ్. 47 రోజుల ముట్టడి తర్వాత 1863 జులై 4న ఆ కోట లాంటి పట్టణం లొంగిపోయింది. ముందురోజే గెటిస్‌బర్గ్‌లో దక్షిణాది జనరల్ లీ ఓడిపోయారు. అక్కడి నుంచి దక్షిణాది కోలుకోలేదు.

1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయారు. గ్రాంట్ పగ తీర్చుకోలేదు. ఆకలితో ఉన్న శత్రు సైనికులకు తిండి పంపారు. పొలం దున్నుకోవడానికి వాళ్ల గుర్రాలను వాళ్లకే వదిలేశారు.

తర్వాత రెండుసార్లు ప్రెసిడెంట్ అయ్యారు. 1884లో వ్యాపార భాగస్వామి మోసంతో చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు. పైగా గొంతు క్యాన్సర్. కుటుంబం రోడ్డున పడకూడదని నొప్పి భరిస్తూనే ఆత్మకథ రాశారు. అది పూర్తయిన కొద్ది రోజులకే, 1885 జులై 23న కన్నుమూశారు. ఆ పుస్తకంతో భార్య జూలియాకు 4 లక్షల డాలర్లకు పైగా అందాయి. ఆయన గెలిచిన చివరి యుద్ధం అదే.