ఒకే తూనిక రాయి

సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్ష గుడారము ద్వారము దగ్గర మోషే ఎదుట నిలబడిన సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో చదువుతాము. తండ్రి స్వాస్థ్యంలో తమకు భాగం ఎందుకు ఉండకూడదని వారు అడిగారు. వారు అడిగింది జాలి కాదు, న్యాయం. మోషే ఆ వ్యాజ్యాన్ని దేవుని సన్నిధికి తీసుకువెళ్లినప్పుడు, వారు చెప్పింది యుక్తమేనని దేవుడు తీర్పు ఇచ్చాడు.

ఆ కుమార్తెలలాగే న్యాయం అడిగిన ఒక క్రైస్తవ సహోదరిని ఈ వారం జ్ఞాపకం చేసుకోవాలని మా కోరిక. ఆమె మన దేశపు మొదటి మహిళా న్యాయమూర్తి అన్నా చాందీ.

ఆమె 1905లో తిరువాంకూరు సంస్థానంలో ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. అప్పట్లో స్త్రీ నల్లకోటు వేసుకోవడమే వింత. న్యాయవాదిగా తనను నమోదు చేయమని అడిగిన ఒక స్త్రీని కలకత్తా హైకోర్టు 1916లో తిప్పి పంపింది. బ్రిటిష్ ఇండియాలో స్త్రీలకు ఆ తలుపు చట్టప్రకారం తెరుచుకున్నది 1923లోనే. అలాంటి రోజుల్లో అన్నా చాందీ 1926లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. కేరళ ప్రాంతంలో ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమే. 1929 నుండి న్యాయవాదిగా పనిచేస్తూ క్రిమినల్ కేసులు వాదించారు. భర్త పోలీసు శాఖలో అధికారి.

స్త్రీలకు ప్రభుత్వ ఉద్యోగాలు ఇవ్వవచ్చా అనే విషయంపై 1928లో తిరువనంతపురంలో ఒక సభ జరిగింది. స్త్రీ ఉద్యోగానికి వెళితే సంసారాలు చెడిపోతాయని, పురుషుని సుఖశాంతులు పోతాయని ఒక పెద్దమనిషి వాదించాడు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండని అన్నా చాందీ లేచి, కోర్టులో వాదించినట్టే ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పారు. స్త్రీ పురుషుని ఇంటి సుఖం కోసమే పుట్టిందన్న ఆలోచనే ఆ వాదానికి పునాది అని తేల్చి చెప్పారు. తరువాత ఆమె శ్రీమతి అనే పత్రికను స్థాపించి, సంపాదకురాలిగా నడిపారు. ఇంటి నిర్వహణ, ఆరోగ్యం గురించే కాకుండా విధవా వివాహం గురించి, పొలాల్లో పనిచేసే స్త్రీల కూలి గురించి కూడా ఆ పత్రిక మాట్లాడింది.

అందుకు ఆమె వెల చెల్లించవలసి వచ్చింది. 1931లో శ్రీమూలం ప్రజాసభకు పోటీ చేసినప్పుడు వాదనతో ఆమెను ఎదుర్కోలేనివారు నిందకు దిగారు. ఆమె శీలం మీద గోడలపై అసభ్యమైన రాతలు వెలిశాయి. ఆ ఎన్నికలో ఆమె ఓడిపోయారు. కాని ఇంట్లో కూర్చుండిపోలేదు. మరుసటి ఏడాది మళ్లీ నిలబడి గెలిచారు.

1937లో తిరువాంకూరు దివాను సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ఆమెను మున్సిఫుగా నియమించారు. మన దేశంలో ఒక స్త్రీ న్యాయపీఠం మీద కూర్చోవడం అదే మొదలు. 1948లో జిల్లా జడ్జి అయ్యారు. 1959లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అంతకుముందు భారతదేశంలో ఏ హైకోర్టులోనూ స్త్రీ న్యాయమూర్తి లేదు. 1967లో పదవీ విరమణ చేశాక లా కమిషన్‌లో కూడా సేవచేశారు.

ఆమె జీవితంలో మమ్మును ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉంది. తిరువాంకూరు చట్టం ఆ రోజుల్లో స్త్రీలకు ఉరిశిక్ష లేకుండా మినహాయింపు ఇచ్చేది. స్త్రీల పక్షాన నిలిచిన అన్నా చాందీయే ఆ మినహాయింపును వ్యతిరేకించారు. ఉరిశిక్ష విషయంలో మన అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు. కాని ఆమె తర్కం చూడండి. హక్కులో సమానత్వం అడిగినవారు బాధ్యతలో తగ్గింపు అడగకూడదు. తనకు అనుకూలమైన చోట కూడా ఆమె రెండవ తూనిక రాయిని ఒప్పుకోలేదు. వేరువేరు తూనిక రాళ్లు దేవునికి హేయమని సామెతల గ్రంథం మనకు నేర్పుతుంది కదా!

ప్రియ చదువరులారా, మన సంఘాల తక్కెడ ఎలా ఉంది? తప్పిపోయిన సహోదరుని మెల్లగా మందలించి, అదే తప్పు చేసిన సహోదరిని సంఘమంతటి ముందు నిలబెట్టలేదా? భర్త చేతి దెబ్బలతో సహోదరి పాస్టరు గారి గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడు, ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో అని చెప్పి అదే ఇంటికి తిరిగి పంపించలేదా? ఇది ఇతరులను వేలెత్తి చూపే మాట కాదు. మేమూ అలా పంపినవారమే. ఆమె మా దగ్గరకు వచ్చింది న్యాయం కోసం. మేము ఆమెకు ఓర్పు గురించి ప్రసంగం ఇచ్చాము. ఆ తప్పును ప్రభువు ఎదుట ఒప్పుకుంటున్నాము.

అన్నా చాందీని చూసి స్ఫూర్తి పొందిన ఒక ముస్లిం తండ్రి తన కుమార్తెను న్యాయశాస్త్రం చదవమని ప్రోత్సహించాడు. ఆ కుమార్తె ఫాతిమా బీవీ 1989లో సుప్రీంకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. 1996లో కన్నుమూసిన అన్నా చాందీ ఆ దినాన్ని కూడా చూశారు.

ఖర్జూర చెట్టు క్రింద కూర్చున్న దెబోరా దగ్గరకు ఇశ్రాయేలీయులు తీర్పు కోసం వెళ్లేవారు. ఈ ఆదివారం ఒక సహోదరి తన వ్యాజ్యంతో మన మందిర ద్వారం దగ్గర నిలబడవచ్చు. ఆమెకు సలహా చెప్పేముందు, మోషేలాగా ముందు ఆమె చెప్పేది విందాము. ఆ తరువాత ఆమె మాటను దేవుని సన్నిధికి తీసుకువెళదాము.