రాడీ మెక్‌డవల్

రాడీ మెక్‌డవల్ (సెప్టెంబరు 17, 1928 - అక్టోబరు 3, 1998) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ సినిమా, రంగస్థల, టెలివిజన్ నటుడు. ఇతడు మంచి ఛాయాచిత్రకారుడు కూడా. బాలనటుడిగా చిత్రరంగంలో ప్రవేశించి సుమారు ఆరు దశాబ్దాల పాటు నటించాడు. ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ (వానర గ్రహం) అనే వైజ్ఞానిక కల్పనా చిత్రాల శ్రేణిలో 1968 - 1973 మధ్య వెలువడిన ఐదు చిత్రాలలో నాలుగింటిలోను, 1974లో వాటి ఆధారంగా నిర్మించిన టెలివిజన్ ధారావాహికలోను చింపాంజీ పాత్రలు ధరించాడు. ఆ కథ వెండితెర నుండి బుల్లితెరకు మారినప్పుడు రెండింటిలోను ప్రధాన పాత్ర ధరించిన నటుడు ఇతడొక్కడే.

బాల్యం

మెక్‌డవల్ లండన్ నగరంలోని హెర్న్ హిల్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి స్కాట్లాండు మూలాలు గల నావికుడు. తల్లి ఐరిష్ సంతతికి చెందినది. చిన్నతనంలోనే బ్రిటిష్ చిత్రాలలో నటించడం మొదలుపెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్‌పై బాంబు దాడులు జరుగుతున్న సమయంలో, 1940లో, కుటుంబంతో అమెరికా చేరుకున్నాడు. మరుసటి సంవత్సరమే జాన్ ఫోర్డ్ దర్శకత్వంలోని హౌ గ్రీన్ వజ్ మై వ్యాలీ చిత్రంలో గనికార్మికుల ఇంటి బాలుడిగా నటించి ప్రసిద్ధుడయ్యాడు. ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించింది. 1943లో మై ఫ్రెండ్ ఫ్లికా, లాసీ కం హోం చిత్రాలలో నటించాడు. లాసీ కం హోం చిత్రంలో తోటి బాలనటి అయిన ఎలిజబెత్ టేలర్‌తో ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది.

రంగస్థలం

యుక్తవయస్సు రాగానే బాలనటులకు అవకాశాలు తగ్గడం సాధారణం. మెక్‌డవల్‌కు కూడా అదే జరిగింది. 1950లలో న్యూయార్కు వెళ్ళి నాటకాలలోను, టెలివిజన్ కార్యక్రమాలలోను నటిస్తూ మళ్ళీ మొదటి నుండి పేరు సంపాదించుకున్నాడు. ది ఫైటింగ్ కాక్ నాటకంలోని నటనకు 1960లో టోనీ పురస్కారం, మరుసటి సంవత్సరం టెలివిజన్ నటనకు ఎమ్మీ పురస్కారం అందుకున్నాడు. 1963 నాటి క్లియోపాత్రా చిత్రంలో ఆక్టేవియన్ పాత్రకు మంచి ప్రశంసలు వచ్చాయి. అయితే నిర్మాణ సంస్థ పొరపాటున అతని పేరును సహాయ నటుల విభాగంలో కాక ప్రధాన నటుల విభాగంలో పంపడం వల్ల ఆస్కార్ నామినేషను దక్కలేదు.

వానర పాత్రలు

ఫ్రెంచి రచయిత పియేర్ బూల్ 1963లో రచించిన నవల ఆధారంగా ఆర్థర్ పి. జేకబ్స్ నిర్మాతగా 1968లో ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ చిత్రం వచ్చింది. వానరాలు పాలకులుగా, మనుషులు మాటరాని జీవులుగా ఉన్న లోకం ఇందులోని ఇతివృత్తం. అది మరో గ్రహం కాదని, భవిష్యత్తులోని భూమియేనని చివరి దృశ్యంలో తెలుస్తుంది. ఇందులో మెక్‌డవల్ కార్నీలియస్ అనే చింపాంజీ శాస్త్రజ్ఞుని పాత్ర ధరించాడు. జాన్ ఛాంబర్స్ రూపొందించిన రబ్బరు ముఖభాగాలను అతికించడానికి ప్రతిరోజూ గంటల సమయం పట్టేది. ముఖాన్ని నిరంతరం కదిలిస్తూ ఉండకపోతే అది నిర్జీవమైన తొడుగులా కనబడుతుందని మెక్‌డవల్ గ్రహించాడు. అందువల్ల ముక్కు, పెదవులు, కనురెప్పలు కదుపుతూ, కళ్ళతోను, కంఠంతోను భావాలు పలికించే పద్ధతిని అలవరచుకున్నాడు.

రెండవ చిత్రం తీసే సమయంలో తాను దర్శకత్వం వహిస్తున్న టామ్ లిన్ చిత్రం పనిలో ఉన్నందున అందులో నటించలేదు. 1971లో మూడవ చిత్రంలో తిరిగి కార్నీలియస్‌గా, 1972, 1973లలో వచ్చిన చిత్రాలలో అతని కుమారుడైన సీజర్‌గా నటించాడు.

టెలివిజన్ ధారావాహిక

1973లో సీబీఎస్ సంస్థ ఈ చిత్రాలను టెలివిజన్‌లో ప్రసారం చేసినప్పుడు అసాధారణమైన ఆదరణ లభించింది. దానితో ధారావాహిక ఆలోచన బలపడింది. అంతకు ముందే, 1973 జూన్‌లో, నిర్మాత జేకబ్స్ మరణించాడు. ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ సంస్థ ధారావాహికను నిర్మించింది. మొదటి చిత్రానికి రచన చేసిన రాడ్ సెర్లింగ్ ప్రారంభ దశలో కొన్ని కథాప్రతులు సమకూర్చాడు. 1974 సెప్టెంబరు 13న ప్రసారం మొదలైంది. ఇందులో మెక్‌డవల్ గేలన్ అనే యువ చింపాంజీ పాత్ర ధరించాడు. రాన్ హార్పర్, జేమ్స్ నాటన్ వ్యోమగాములుగా నటించారు.

సినిమా కథను వారం వారం చెప్పడంలో అనేక ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటి చిత్రానికి ప్రాణమైన చివరి రహస్యం అప్పటికే ప్రేక్షకులందరికీ తెలుసు. అందువల్ల తొలి భాగంలోనే ఒక పాత పుస్తకంలోని న్యూయార్కు నగర చిత్రం ద్వారా అది భూమి అని వ్యోమగాములు తెలుసుకొన్నట్లు చూపారు. మనుషులు మూగవారైతే ప్రతివారం కొత్త పాత్రలతో కథ నడపడం కష్టం. కనుక ధారావాహికలోని మనుషులు మాట్లాడగలరు. దీనివల్ల సంభాషణలకు వీలు కలిగింది గాని, మాట్లాడే మనిషిని చూసి వానరాలు నివ్వెరపోవడంలోని ఉత్కంఠ పోయింది.

కథను ముగించడానికి వీలులేకపోవడం మరొక చిక్కు. ముగ్గురు స్నేహితులు ఒక ఊరికి చేరడం, అక్కడివారికి సహాయపడడం, గొరిల్లా సైనికుల నుండి తప్పించుకోవడం అనే క్రమం దాదాపు ప్రతివారం పునరావృతమయ్యేది. సినిమాలకు నెలల వ్యవధి ఉండగా, టెలివిజన్‌లో గంట నిడివి గల భాగాన్ని కొద్ది రోజులలోనే చిత్రీకరించవలసి వచ్చేది. మేకప్‌కు పట్టే సమయం మాత్రం తగ్గలేదు. మెక్‌డవల్ పాత్ర ప్రతి భాగంలోను ఉన్నందున ఈ శ్రమ ఎక్కువగా అతనిపైనే పడింది. అయినా గేలన్ పాత్రలోని కుతూహలం, హాస్యం, భయం కలగలిసిన స్వభావాన్ని నిలబెట్టి, కార్నీలియస్, సీజర్ పాత్రలకు భిన్నంగా తీర్చిదిద్దాడు.

శుక్రవారం రాత్రి ఎన్‌బీసీలో అదే సమయానికి వచ్చే శాన్‌ఫర్డ్ అండ్ సన్, ఛికో అండ్ ది మ్యాన్ అనే హాస్య కార్యక్రమాలకు విశేష ఆదరణ ఉండేది. వాటి పోటీకి నిలవలేక ధారావాహిక 1974 డిసెంబరులో ఆగిపోయింది. నిర్మించిన 14 భాగాలలో 13 మాత్రమే అప్పుడు అమెరికాలో ప్రసారమయ్యాయి. వ్యోమగాముల కథకు ముగింపు చూపలేదు. 1981లో కొన్ని భాగాలను కలిపి ఐదు టెలివిజన్ చిత్రాలుగా కూర్చినప్పుడు, వృద్ధుడైన గేలన్‌గా మెక్‌డవల్ చెప్పిన పరిచయ, ముగింపు మాటలను కొన్ని కేంద్రాలు ప్రసారం చేశాయి. స్నేహితుల కథకు ముగింపు చెప్పే అవకాశం ఆ విధంగా అతనికే దక్కింది.

సినిమాల పరిరక్షణ

మెక్‌డవల్ పాత చిత్రాల ప్రతులను సేకరించేవాడు. ధారావాహిక ఆగిపోయిన 1974 డిసెంబరులోనే ఎఫ్‌బీఐ అధికారులు కాపీహక్కుల విచారణలో భాగంగా అతని సేకరణను స్వాధీనం చేసుకున్నారు. అతనిపై ఎటువంటి అభియోగం మోపలేదు. తరువాతి కాలంలో సినిమాల పరిరక్షణ కొరకు ఏర్పడిన జాతీయ మండలిలో సభ్యుడిగా పనిచేశాడు. చిత్రరంగ ప్రముఖుల ఛాయాచిత్రాలతో డబుల్ ఎక్స్‌పోజర్ అనే పేరుతో 1966 నుండి నాలుగు సంపుటాలు వెలువరించాడు.

మరణం

మెక్‌డవల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1998 అక్టోబరు 3న లాస్ ఏంజెలెస్‌లోని స్వగృహంలో తన 70వ ఏట మరణించాడు. అదే సంవత్సరం వానర గ్రహం చిత్రాల నిర్మాణ చరిత్రపై వచ్చిన డాక్యుమెంటరీకి వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. వుడ్‌లాండ్ హిల్స్‌లో విశ్రాంత సినీ కళాకారులు నివసించే ఆవరణలో అతని పేరిట ఒక గులాబీ తోట ఉంది. ఆ తోటలో సీజర్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.